ఇంజిన్‌కు మార్పులు చేయించాక బైక్‌కు ట్యూనింగ్ అవసరమా? తేల్చుకోవడం ఎలా?

మోటార్ సైకిల్‌కు కొత్త సైలెన్సర్, కొత్త ఎయిర్ ఫిల్టర్ బిగించుకున్న వారికి తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఇంజిన్‌ను మళ్లీ ట్యూన్ చేయించాలా, లేక అలాగే నడుపుకోవచ్చా? విడిభాగం అమ్మిన దుకాణంలో అడిగితే ‘ఏమీ అక్కర్లేదు, బండిలోని కంప్యూటరే సర్దుకుంటుంది’ అంటారు. ట్యూనింగ్ కేంద్రంలో అడిగితే ‘చేయించకపోతే ఇంజిన్ పాడవుతుంది’ అంటారు. ఇద్దరికీ ఎవరి వ్యాపారం వారికి ఉంది. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం కూడా ఉంది.

ఎవరి మాట ఏ సందర్భంలో నిజమో తెలియాలంటే మార్చిన భాగం ధరను గానీ, అది చేసే శబ్దాన్ని గానీ చూసి లాభం లేదు. ఆ మార్పు వల్ల ఇంజిన్ పీల్చే గాలి ఎంత మారింది, ఆ తేడాను కంప్యూటర్ గుర్తించి సరిదిద్దగలదా అన్నవి రెండే చూడాలి. ఈ రెండింటికీ సమాధానం దొరికితే ట్యూనింగ్‌కు డబ్బు పెట్టాలో వద్దో చాలావరకు తేలిపోతుంది.

ఉదాహరణకు 2018 నవంబరులో భారత మార్కెట్లోకి వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650ని తీసుకుందాం. 648 సీసీ సామర్థ్యం, రెండు సిలిండర్లు, ఫ్యూయల్ ఇంజెక్షన్, సుమారు 47 హార్స్ పవర్. రేడియేటర్‌లో నీరు ఉండదు, గాలి, ఆయిల్ కలిసి ఇంజిన్‌ను చల్లబరుస్తాయి. సైలెన్సర్ మార్చుకోని యజమాని అరుదు అనిపించేంతగా ఈ బైక్‌కు విడిభాగాల మార్కెట్ ఉంది. అందువల్ల ఈ చర్చకు ఇది సరిగ్గా సరిపోతుంది.

గాలి లెక్క కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. నిలకడగా సాగే ప్రయాణంలో ఇంజిన్ ఈ నిష్పత్తికి దగ్గరగా నడుస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం పెట్రోలు కాస్త ఎక్కువ కావాలి. అప్పుడు నిష్పత్తి సుమారు 12.5 నుంచి 13.2 మధ్య ఉంటే గరిష్ఠ శక్తి వస్తుంది. అదనంగా పడిన పెట్రోలు ఆవిరవుతూ సిలిండర్ లోపలి వేడిని కొంత తగ్గిస్తుంది. పెట్రోలు తక్కువైన మిశ్రమాన్ని మెకానిక్‌లు ‘లీన్’ అనీ, ఎక్కువైన దాన్ని ‘రిచ్’ అనీ అంటారు.

చాలా మోటార్ సైకిళ్లలో లోపలికి వెళ్లే గాలిని నేరుగా తూచే పరికరం ఉండదు. యాక్సిలరేటర్ ఎంత తెరుచుకుంది, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, లోపలికి వెళ్లే గాలి పీడనం, ఉష్ణోగ్రత ఎంత అన్నవి సెన్సర్లు చెబుతాయి. ఆ వివరాలతో ఇంజిన్‌ను నియంత్రించే ఈసీయూ తన జ్ఞాపకంలోని పట్టికను చూస్తుంది. ‘ఇంత తెరిచి, ఇన్ని చుట్ల వద్ద ఉంటే ఇంత పెట్రోలు చల్లు’ అని ఆ పట్టిక చెబుతుంది. దీన్నే ‘మ్యాప్’ అంటారు.

ఆ మ్యాప్‌ను కంపెనీ తన ఫిల్టర్‌తో, తన సైలెన్సర్‌తో పరీక్షించి తయారు చేసింది. వాటిని మార్చాక ఇంజిన్ శ్వాస మారుతుంది గానీ పట్టిక మారదు. అంటే ఈసీయూ పాత ఊపిరితిత్తుల లెక్కతో కొత్త ఊపిరితిత్తులకు పెట్రోలు పంపుతూ ఉంటుంది.

మరి ‘కంప్యూటరే సర్దుకుంటుంది’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ నుంచి. మండగా మిగిలిన ఆక్సిజన్‌ను అది గమనించి, మిశ్రమం లీన్‌గా ఉందో రిచ్‌గా ఉందో ఈసీయూకు చెబుతుంది. ఈసీయూ ఆ మేరకు పెట్రోలును కొద్దిగా పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. దీన్ని క్లోజ్డ్ లూప్ అంటారు.

అయితే కంపెనీ అమర్చే సెన్సర్లు సాధారణంగా న్యారో బ్యాండ్ రకానివి. 14.7 అనే గీతకు ఇటున్నామా, అటున్నామా అన్నంత వరకే అవి కచ్చితంగా చెప్పగలవు. 12.8 వద్ద ఉన్నామా, 13.8 వద్ద ఉన్నామా అన్నది చెప్పలేవు. అందుకే యాక్సిలరేటర్ బాగా తెరిచిన వేళ ఈసీయూ ఆ సెన్సర్ మాట పక్కన పెట్టి నేరుగా పట్టికనే నమ్ముతుంది.

ఇక్కడే అసలు మెలిక ఉంది. జాతీయ రహదారిపై గంటకు 70 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతున్నప్పుడు కంప్యూటర్ సర్దుకుంటుందన్న మాట నిజమే. అదే రహదారిపై లారీని దాటడానికి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పిన క్షణంలో ఆ మాట నిజం కాదు. ఇంజిన్‌పై అత్యధిక భారం, అత్యధిక వేడి ఉండేది కూడా ఆ క్షణంలోనే. సర్దుబాటు ఉన్న చోట ప్రమాదం తక్కువ, ప్రమాదం ఉన్న చోట సర్దుబాటు లేదు.

క్లోజ్డ్ లూప్ సర్దుబాటుకూ హద్దు ఉంది. లోపం ఆ హద్దు దాటితే మీటర్‌లో ఇంజిన్ హెచ్చరిక దీపం వెలుగుతుంది. దీపం వెలగలేదు కాబట్టి అంతా బాగుందనుకోవడం మాత్రం పొరపాటు. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచినప్పటి లోపాన్ని ఆ దీపం పట్టుకోలేకపోవచ్చు.

ఏ మార్పుకు ట్యూనింగ్ కావాలి?

సైలెన్సర్ చివరి డబ్బా మాత్రమే మార్చి, బెండ్ పైపును, ఎయిర్ ఫిల్టర్ పెట్టెను, ఫిల్టర్‌ను యథాతథంగా ఉంచితే సాధారణంగా ప్రత్యేక ట్యూనింగ్ అక్కర్లేదు. గాలి లోపలికి వచ్చే దారి ఇరుకుగానే ఉంది కాబట్టి బయటికి పోయే దారిని కొంత వెడల్పు చేసినంత మాత్రాన ఇంజిన్ పీల్చేది పెద్దగా పెరగదు. పెరిగే శక్తి కూడా చాలా సందర్భాల్లో ఒకటి, రెండు హార్స్ పవర్‌కు మించదు. బరువు తగ్గడం, శబ్దం మారడమే అసలు ఫలితం. ఇంత చిన్న మార్పుకు ‘ఈసీయూ రీమ్యాప్ తప్పనిసరి’ అని ఎవరైనా చెబితే, కొలిచిన ఆధారం చూపమని అడగడంలో తప్పు లేదు.

సైలెన్సర్‌తో పాటు గాలిని ధారాళంగా వదిలే ఫిల్టర్‌ను కూడా వేస్తే పరిస్థితి సరిహద్దుకు చేరుతుంది. కొన్ని బైక్‌లలో కంపెనీ మ్యాప్‌కు కొంత వెసులుబాటు ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఉద్గార ప్రమాణాలు కఠినమయ్యే కొద్దీ ఆ వెసులుబాటు తగ్గుతూ వచ్చింది. ద్విచక్ర వాహనాలకు 2017 ఏప్రిల్‌లో బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాయి. ఇలాంటి సరిహద్దు కేసుల్లో ఊహించడం కన్నా ఒకసారి కొలిపించడం మేలు. కొలిపించడానికీ, ట్యూన్ చేయించడానికీ తేడా ఉందని చాలామందికి తెలియదు. వైడ్ బ్యాండ్ సెన్సర్ పెట్టి బైక్‌ను డైనోపై రెండు మూడుసార్లు పరుగెత్తించి కాగితం చేతికి ఇస్తే చాలు. ఆ కాగితమే తర్వాతి సంగతి చెబుతుంది.

ఎయిర్ ఫిల్టర్ పెట్టెనే తీసేసి విడి ఫిల్టర్లు తగిలించినా, బెండ్ పైపు నుంచి చివరి వరకు మొత్తం ఎగ్జాస్ట్ మార్చినా ట్యూనింగ్ కావాలి. ఇందులో సందేహానికి తావు లేదు. ఫిల్టర్ పెట్టె కేవలం ధూళిని ఆపే డబ్బా కాదు. దాని పరిమాణం, గొట్టం పొడవు ఏ చుట్ల వద్ద సిలిండర్ బాగా నిండుతుందో నిర్ణయిస్తాయి. దాన్ని తీసేస్తే పట్టిక ఒకచోట కాదు, అన్ని గడుల్లోనూ తప్పుతుంది. ఒక గడిలో లీన్, పక్క గడిలో రిచ్. ఒకే స్క్రూ తిప్పి సరిచేయగలిగిన విషయం కాదిది.

ఇక క్యామ్‌షాఫ్ట్, ఎక్కువ కంప్రెషన్ ఇచ్చే పిస్టన్లు, సిలిండర్‌ను పెద్దది చేసే బోర్ కిట్ వంటివి వేరే తరగతికి చెందుతాయి. ఇక్కడ పెట్రోలుతో పాటు స్పార్క్ పడే సమయం కూడా మారాలి. ఇంటర్‌సెప్టర్ కంప్రెషన్ నిష్పత్తి 9.5. దాన్ని పెంచిన కొద్దీ లోపలి వేడి, పీడనం పెరుగుతాయి. పాత సమయానికే స్పార్క్ పడితే మిశ్రమంలో ఒక భాగం మంట చేరక ముందే దానంతట అదే భగ్గుమంటుంది. దీన్నే నాకింగ్ అంటారు. పిస్టన్ తలను అది సుత్తితో కొట్టినట్లు కొడుతుంది. ఇలాంటి ఇంజిన్‌ను ముందు నడిపి, తర్వాత ట్యూన్ చేయిద్దామనుకోకూడదు. ఒక ప్రాథమిక మ్యాప్ వేసుకుని, భారం పెట్టకుండా డైనో వరకు తీసుకెళ్లాలి. వాహనంలో తీసుకెళ్లగలిగితే ఇంకా మంచిది.

ఇంజిన్ ఇచ్చే సంకేతాలు

కొలిచే పరికరం లేకపోయినా ఇంజిన్ కొన్ని సంగతులు చెబుతుంది. యాక్సిలరేటర్ ఒకేచోట పట్టుకున్నా బండి ముందుకూ వెనక్కూ సన్నగా ఊగుతున్నట్లు సాగడం, ఒక్కసారిగా తిప్పినప్పుడు క్షణం తడబడి తర్వాత అందుకోవడం, మునుపటి కన్నా కాళ్లకు వేడి ఎక్కువ తగలడం లీన్ మిశ్రమానికి గుర్తులు. రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్లు శబ్దం ఎత్తు ఎక్కేటప్పుడు వినిపిస్తే అది నాకింగ్. వెంటనే యాక్సిలరేటర్ తగ్గించాలి. ఆ శబ్దంతో మరో వంద కిలోమీటర్లు పోయి ఇంటి దగ్గర మెకానిక్‌కు చూపిద్దామనుకోవడం ఖరీదైన ఆలోచన.

మైలేజ్ ఉన్నట్టుండి పడిపోవడం, సైలెన్సర్ చివర తడి మసి, పెట్రోలు వాసన, స్పార్క్ ప్లగ్ నల్లగా మారడం రిచ్ మిశ్రమానికి గుర్తులు. రిచ్‌గా ఉంటే ఇంజిన్‌కు ఏమీ కాదన్న నమ్మకం ఉంది. వెంటనే ఏమీ కాకపోవచ్చు. కానీ మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగి కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండి దాన్ని పాడు చేస్తుంది.

ప్లగ్ రంగు చూసి చెప్పే విద్య ఇప్పటికీ పనికివస్తుంది గానీ మునుపంత నమ్మదగినది కాదు. నేటి ఇంధనంతో, క్లోజ్డ్ లూప్‌లో నడిచిన ఇంజిన్ ప్లగ్ దాదాపు ఎప్పుడూ తెల్లగానే కనబడుతుంది. నిదానంగా నడిపి ఇంటికి వచ్చాక తీసిన ప్లగ్ ఆ నిదానపు నడక గురించే చెబుతుంది. పూర్తి వేగంలో ఏం జరిగిందో చెప్పదు.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో వచ్చే టపటప శబ్దం గురించి ఒక మాట. దాన్ని వినగానే లీన్ అయిందని తీర్మానించడం పరిపాటి. చాలాసార్లు అసలు కారణం బెండ్ పైపు సిలిండర్‌కు కలిసే చోట గ్యాస్కెట్ సరిగా కూర్చోకపోవడం. అక్కడి సన్నని సందు నుంచి బయటి గాలి లోపలికి చొరబడి, మిగిలిపోయిన పెట్రోలు ఆవిరితో కలిసి మండుతుంది. ఆ చొరబడిన గాలినే ఆక్సిజన్ సెన్సర్ కూడా చూస్తుంది. మిశ్రమం లీన్ అయిందని పొరబడి ఈసీయూ పెట్రోలును పెంచుతుంది. యజమాని లీన్ అనుకుంటున్న బండి నిజానికి రిచ్‌గా నడుస్తుంటుంది. పైసా ట్యూనింగ్ లేకుండా ఒక గ్యాస్కెట్‌తో తీరే సమస్య ఇది.

అందుకే డైనోకు వెళ్లే ముందు చూసుకోవలసినవి వేరే ఉన్నాయి. ఎగ్జాస్ట్ కీళ్లు, థ్రాటిల్ బాడీకీ సిలిండర్‌కూ మధ్యనున్న రబ్బరు, వాల్వ్ క్లియరెన్స్, ప్లగ్‌లు, బ్యాటరీ వోల్టేజి, చైన్ బిగువు సరిగా ఉండాలి. లోపం ఉన్న ఇంజిన్‌ను ట్యూన్ చేస్తే ఆ లోపానికి అనుగుణంగా మ్యాప్ తయారవుతుంది. తర్వాత లోపం సరిచేసిన రోజున మ్యాప్ తప్పవుతుంది.

ఇథనాల్ పెట్రోలుతో మారిన లెక్క

పాత మ్యాప్‌తో తిరుగుతున్న వారు గమనించవలసిన మరో విషయం పెట్రోలే మారడం. పెట్రోలులో సగటున 10 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని దేశం 2022 జూన్‌లో చేరుకుంది. 2025 నాటికి అది 20 శాతానికి పెరిగింది. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది. కాబట్టి దాన్ని మండించడానికి గాలి తక్కువ చాలు. 10 శాతం మిశ్రమానికి నిష్పత్తి సుమారు 14.1 కాగా, 20 శాతానికి సుమారు 13.5. అంటే 10 శాతం ఇథనాల్ పెట్రోలుతో సిద్ధం చేసిన మ్యాప్, నేటి పెట్రోలుతో దాదాపు 4 శాతం లీన్‌గా నడుస్తుంది.

కంపెనీ మ్యాప్‌తో ఉన్న బైక్‌కు ఈ 4 శాతం పెద్ద విషయం కాకపోవచ్చు. ఫిల్టర్, సైలెన్సర్ మార్పుల వల్ల అప్పటికే లీన్ అంచున ఉన్న బైక్‌కు మాత్రం అదే చివరి తోపు కావచ్చు. నాలుగైదేళ్ల కిందట ట్యూన్ చేయించి నిశ్చింతగా ఉన్నవారు మరోసారి కొలిపించుకోవడం మంచిది.

ఊరటనిచ్చే అంశమూ ఉంది. ఇథనాల్ నాకింగ్‌ను తట్టుకుంటుంది. బీఎస్-6 సాధారణ పెట్రోలు ఆక్టేన్ సంఖ్య 91 కాగా, 20 శాతం ఇథనాల్‌తో అది 95కు చేరిందని పెట్రోలియం మంత్రిత్వ శాఖ పేర్కొంది.

ట్యూనింగ్ కేంద్రంలో తెరపై కనిపించే అంకె విషయంలో తికమక పడనక్కర్లేదు. వైడ్ బ్యాండ్ సెన్సర్ నిజానికి కొలిచేది మిగులు ఆక్సిజన్‌ను. దాన్ని శుద్ధ పెట్రోలు లెక్కలోకి మార్చి చూపుతుంది. కాబట్టి ఇథనాల్ కలిసినా సరైన మిశ్రమం తెరపై 14.7గానే కనిపిస్తుంది. లెక్కలు తెలిసిన ట్యూనర్లు అందుకే ల్యామ్డా అనే కొలమానంలో మాట్లాడతారు. ఏ ఇంధనానికైనా అందులో 1 అంటే సరిగ్గా సరిపోయిందని, పూర్తి వేగంలో 0.85 నుంచి 0.9 మధ్య ఉంటే సుమారుగా సరైనదని అర్థం.

కార్బొరేటర్ బైక్‌ల సంగతి

ఫ్యూయల్ ఇంజెక్షన్ లేని బైక్‌లకు సర్దుబాటు అన్నదే ఉండదు. 1985లో వచ్చి, 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100ను ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవారు తెలుగు రాష్ట్రాల్లోనే కాదు, దేశమంతటా ఉన్నారు. 98 సీసీల ఆ టూ స్ట్రోక్ ఇంజిన్‌కు రేసు సైలెన్సర్ తగిలించి, ఎయిర్ ఫిల్టర్ తీసేసి తిప్పడం కొత్త కాదు.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ లీన్ అయితే వేడెక్కుతుంది, తడబడుతుంది, కొంత హెచ్చరిక ఇస్తుంది. టూ స్ట్రోక్ అంత వ్యవధి ఇవ్వదు. అందులో పిస్టన్‌కు నూనె అందేది పెట్రోలు మిశ్రమంతోనే. మిశ్రమం తగ్గితే చల్లదనమూ తగ్గుతుంది. పూర్తి వేగంలో పిస్టన్ సిలిండర్‌కు పట్టేస్తుంది, ఇంజిన్ సీజ్ అవుతుంది, వెనుక చక్రం బిగుసుకుపోతుంది. అప్పుడు క్లచ్ నొక్కడానికి దొరికేది ఒక్క క్షణం. ఇక్కడ పోయేది పిస్టన్ మాత్రమే కాకపోవచ్చు.

వీటికి కావలసింది కంప్యూటర్ తెలిసినవారు కాదు, జెట్లు తెలిసిన మెకానిక్. యాక్సిలరేటర్ పావు వంతు వరకు పైలట్ జెట్, పావు నుంచి ముప్పావు వరకు నీడిల్, ఆపైన మెయిన్ జెట్ పెట్రోలును నిర్ణయిస్తాయి. అనుభవజ్ఞులు మెయిన్ జెట్‌ను ముందు కావలసిన దాని కన్నా పెద్దది వేసి, ఇంజిన్ గొంతు పట్టినట్లు ఆగుతుంటే ఒక్కొక్క సైజు తగ్గిస్తూ వస్తారు. చిన్న జెట్‌తో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయేవారి చేతిలో బండి పెట్టకపోవడమే క్షేమం.

చట్టం ఏమంటోంది?

ట్యూనింగ్ గురించి ఆలోచించే ముందు, ఆ మార్పు రోడ్డు మీద చెల్లుతుందా అన్నది చూడాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. బోర్ కిట్‌తో 648 సీసీని పెంచితే సర్టిఫికెట్‌లోని సామర్థ్యమే అబద్ధమవుతుంది.

2019లో సవరించిన చట్టంలోని 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘిస్తే 190వ సెక్షన్ కింద తొలిసారి 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలుతో పాటు లైసెన్స్‌పై మూడు నెలల అనర్హత కూడా ఉంది. హైదరాబాద్, విశాఖపట్నం సహా పలు నగరాల్లో పోలీసులు స్వాధీనం చేసుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించిన దృశ్యాలు పాఠకులు చూసే ఉంటారు.

మంచి ట్యూనింగ్ చేసినంత మాత్రాన చట్టవిరుద్ధమైన సైలెన్సర్ చట్టబద్ధం కాదు. పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా అన్న వాదన కూడా నిలవదు. ద్విచక్ర వాహనాలకు ఆ పరీక్షను ఇంజిన్ నిదానంగా తిరుగుతున్నప్పుడే చేస్తారు. వారంటీ, బీమా పత్రాల్లో మార్పుల గురించి ఏం రాశారో కూడా కొనడానికి ముందే చదువుకోవాలి. ఇంజిన్ లోపలి పెద్ద మార్పులకు తగిన చోటు రేసు ట్రాక్. చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరులోని కారి స్పీడ్‌వే వంటివి అందుకే ఉన్నాయి.

మంచి ట్యూనర్‌ను గుర్తించడం

ట్యూనింగ్ అవసరమని తేలాక మూడు దారులు కనిపిస్తాయి. ఈసీయూలోని మ్యాప్‌నే తిరగరాయడం ఒకటి. సెన్సర్లకూ ఈసీయూకూ మధ్య మరో పెట్టెను పెట్టి సంకేతాలను మార్చే పిగ్గీబ్యాక్ పద్ధతి రెండోది. ఆక్సిజన్ సెన్సర్‌ను మాత్రమే ఏమార్చే చిన్న పరికరం మూడోది. ఈ మూడోదానితో జాగ్రత్త అవసరం. సెన్సర్ పనిచేసే నిదానపు నడకలోనే అది పెట్రోలును పెంచుతుంది. పూర్తి వేగంలో సెన్సర్ మాటే చెల్లదు కాబట్టి, నిజంగా పెట్రోలు కావలసిన చోట దాని వల్ల ప్రయోజనం తక్కువ. మైలేజ్ తగ్గడం మాత్రం ఖాయం.

ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ మ్యాప్‌లు ఆరంభానికి పనికివస్తాయి. అవి మరొకరి బండికి, మరో ఊరి గాలికి, మరో పెట్రోలుకు తయారైనవని గుర్తుంచుకోవాలి.

ట్యూనర్‌ను మొదట అడగవలసింది డైనో ఏ రకమైనదని. బరువైన రోలర్‌ను బైక్ చక్రంతో తిప్పించే రకం ఎక్కువగా ఒక పరుగులో గరిష్ఠ శక్తిని చూపుతుంది. రోలర్‌కు బ్రేకు ఉన్న రకమైతే ఇంజిన్‌ను ఒకే వేగం వద్ద నిలిపి, సగం తెరిచిన యాక్సిలరేటర్ వద్ద, పావు తెరిచిన చోట కూడా ఒక్కొక్క గడిని సరిచేయవచ్చు. రోజువారీ ప్రయాణంలో ఇంజిన్ గడిపేది ఈ మధ్య గడుల్లోనే. మంచి ట్యూనింగ్ తేడా గరిష్ఠ శక్తి అంకెలో కన్నా ట్రాఫిక్‌లో నెమ్మదిగా సాగేటప్పుడు చేతికి ఎక్కువ తెలుస్తుంది.

మార్పుకు ముందు, తర్వాత తీసిన గ్రాఫ్‌లు రెండూ ఒకే గేరులో, ఒకే సవరణ పద్ధతిలో ఉండాలి. ఎస్‌టీడీ పద్ధతిలో చూపే అంకె ఎస్‌ఏఈ పద్ధతి కన్నా సుమారు 4 శాతం ఎక్కువ. పద్ధతి మార్చి ‘పెరిగిన’ శక్తిని చూపడం ఎంత సులభమో దీన్నిబట్టి ఊహించవచ్చు. చక్రం దగ్గర కొలిచిన శక్తి కంపెనీ ప్రకటించిన దానికన్నా తక్కువగా ఉంటే కంగారు పడవద్దు. గేర్లు, చైన్ కొంత మింగుతాయి.

గ్రాఫ్‌లో శక్తి గీత ఒక్కటే ఉండి గాలి, పెట్రోలు నిష్పత్తి గీత లేకపోతే అది సగం నివేదిక. ఇంటర్‌సెప్టర్ వంటి రెండు సిలిండర్ల బైక్‌లో రెండు గొట్టాలనూ విడివిడిగా కొలిచారా అని కూడా అడగాలి. ఒకటి రిచ్, మరొకటి లీన్ అయితే సగటు సరిగ్గానే కనిపిస్తుంది. వేడెక్కే సిలిండర్‌కు మాత్రం సగటుతో పని లేదు. గాలితో చల్లబడే ఇంజిన్ కాబట్టి ముందు పెద్ద ఫ్యాన్ ఉందో లేదో చూడాలి. చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టి అరగంట పరుగెత్తిస్తే ట్యూనింగ్ పేరుతోనే ఇంజిన్ దెబ్బతింటుంది.

మైదాన ప్రాంతంలో చేయించిన మ్యాప్‌తో లద్దాఖ్ వెళ్లవచ్చా అని అడిగేవారుంటారు. లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. అక్కడి గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే. పీడన సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ బైక్‌లో, దాన్ని ఏమార్చకుండా మ్యాప్ చేసి ఉంటే ఈసీయూ తానే పెట్రోలు తగ్గించుకుంటుంది. కార్బొరేటర్ బైక్ అక్కడ రిచ్ అవుతుంది. శక్తి తగ్గడం రెండింటికీ తప్పదు.

పని పూర్తయ్యాక పాత మ్యాప్, కొత్త మ్యాప్ రెండింటి ప్రతులూ తీసుకుని దాచుకోవాలి. అధీకృత సర్వీస్ కేంద్రంలో ఈసీయూకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే, తిరగరాసిన మ్యాప్ చెరిగిపోయి కంపెనీ మ్యాప్ తిరిగి వచ్చే అవకాశం ఉంది. మెకానిక్ అది గమనించకపోవచ్చు, బండి మామూలుగానే స్టార్ట్ అవుతుంది. సర్వీస్‌కు ఇచ్చేటప్పుడే సాఫ్ట్‌వేర్ మార్చవద్దని జాబ్ కార్డులో రాయించి, బండి తీసుకున్నాక ఎత్తు రోడ్డుపై ఒకసారి నడిపి చూసుకోవాలి.